స్క్రోలింగులో మా బావ పేరు

ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె నడిచిన ఆ రోజుల్లో కోరుట్ల నుంచి ఏ రోడ్డు తెరిచి ఉందో, ఏ రోడ్డు మీద జనం కూర్చున్నారో తెలుసుకోవడానికి మాకున్న దిక్కు ఒక్కటే. లోకల్ కేబుల్ చానల్ పెట్టుకుని, తెర అడుగున కుడి నుంచి ఎడమకు పాకే అక్షరాలను చూస్తూ కూర్చోవడం. దాన్ని అందరూ స్క్రోలింగ్ అనేవారు. పైన ధర్నా దగ్గర చేయి వణుకుతూ తీసిన వీడియో ఏదో నడుస్తుండేది, కింద ఈ స్క్రోలింగ్. రోడ్ల సంగతి అందులో ఉండేది, కాదనను. కాకపోతే దానికంటే ముందు పట్టణంలోని నాయకుల పేర్లన్నీ, వాళ్ళ హోదాలన్నీ, ఫొటోలో వాళ్ళ వెనక నిలబడిన వాళ్ళ పేర్లన్నీ వరసగా వచ్చేవి. ఫలానా సంఘం గౌరవ అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, సహాయ కార్యదర్శి, ప్రచార కార్యదర్శి. రిలే దీక్షలో కూర్చున్నవాళ్ళు, వాళ్ళకు నిమ్మరసం ఇచ్చినవాళ్ళు, నిమ్మరసం ఇచ్చినవాళ్ళకు దండలు వేసినవాళ్ళు. ఇంతమందినీ దాటుకుని చివరికి "మేడిపల్లి వద్ద వంటావార్పు, వాహనాలు నిలిపివేత" అని ఒక ముక్క వచ్చేది. కళ్ళు తుడుచుకుని చదివేలోపు జారిపోయేది. మళ్ళీ గౌరవ అధ్యక్షుడి దగ్గర్నుంచి మొదలు.

తెలంగాణ రావద్దని నా ఏడుపు కాదు. నాకూ కావాలి. కాలేజీ గేటు ముందు టెంటులో నేనూ కూర్చున్నాను, నినాదాలు ఇచ్చి గొంతు పోగొట్టుకున్నాను. కానీ ఒక రాష్ట్రం కోసం ఇంత పెద్ద పోరాటం జరుగుతుంటే, ఆ పేరు చెప్పి తెర మీద తమ పేరు పాకించుకునే ఈ జాతిని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండేది. పోలీసు కనిపిస్తే సందులోకి దూరేవాడు కూడా స్క్రోలింగులో ఉద్యమ సారథి.

నాకు ఇంతగా మండడానికి ఇంకో కారణం ఉంది. నా చదువే అది. మాది సిరిసిల్ల. నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి నన్ను చదివించాడు. నేను జగిత్యాల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ, కోరుట్లలో మా అక్క ఇంట్లో ఉంటూ, పీహెచ్‌డీ చేస్తుండేదాన్ని. నా పరిశోధన విషయం చెబితే మా బంధువులంతా పాపం అన్నట్టు తల ఊపేవారు. నిజానికి అందులో అర్థం కానిది ఏమీ లేదు. ఒక టవర్ ఉంటుంది. చుట్టుపక్కల ఎక్కడ ఏ ఆసుపత్రి ఉంది, ఏ పెట్రోలు బంకు ఉంది అనే సమాచారమంతా గాలిలోకి వదులుతూ ఉంటుంది. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి. జనం చేతుల్లోని ఫోన్లు దాన్ని వింటాయి. వినడమే తప్ప అడగడం ఉండదు. లక్షమంది విన్నా టవరుకు బరువు పెరగదు, అదీ అందులోని సుఖం. కష్టమేమిటంటే, నాకు కావలసిన ముక్క ఎప్పుడొస్తుందో తెలియక ఫోను అదేపనిగా వింటూ కూర్చుంటే బ్యాటరీ చచ్చిపోతుంది. అందుకని మధ్యమధ్యలో ఒక సూచిక వేస్తారు. నీ ఊరి సంగతి ఇంకా ఇంతసేపటికి వస్తుంది, అప్పటిదాకా పడుకో అని ఫోనుకు చెప్పే సూచిక. దాంతోపాటు, నేల మీద దగ్గరగా ఉన్నవి ప్రసారంలోనూ దగ్గరగా వచ్చేట్టు పేర్చాలి. పెళ్ళికి బొట్టు పెట్టి పిలవడానికి బయలుదేరిన ఆడవాళ్ళు ఈ వాడలో ఒక ఇల్లు, ఆ చివర వాడలో ఒక ఇల్లు అని తిరగరు కదా, ఒక వాడ పూర్తిచేసుకుని పక్క వాడకు పోతారు. అంతే. ఈ చిన్న తెలివికి లెక్కలు, గీతలు చేర్చి నేను డాక్టరు కావలసి ఉంది.

ఇక మా గైడ్. హైదరాబాదులో పెద్ద ప్రొఫెసర్. ఆయన ప్రపంచం చతురస్రం. అందులో జనం అన్ని చోట్లా సమానంగా చల్లినట్టు ఉంటారు, రోడ్డు ఉండదు, వాగు ఉండదు, రాస్తారోకో అసలే ఉండదు. దగ్గరి ఆసుపత్రి అంటే గీత గీస్తే పొట్టిగా వచ్చేది. ఆ గీత మధ్యలో చెరువు ఉంటే ఏం చేయాలి సార్ అని ఒకసారి అడిగితే, "అవన్నీ ప్రాక్టికల్ ఇష్యూస్ అమ్మా" అన్నాడు. ప్రాక్టికల్ అనే మాటను ఆయన బూతుమాట పలికినట్టు పలికేవాడు.

సమ్మెలో కాలేజీ మూతపడ్డాక ఈ స్క్రోలింగును చూసి చూసి నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇది అచ్చం మన సమస్యే కదా. ఒకడు చెబుతున్నాడు, ఊరంతా వింటోంది, ఎవరూ అడగలేరు. బొగ్గు గనులు ఆగిపోయి కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు, ఇన్వర్టర్ బ్యాటరీ మీద టీవీ చూస్తున్నాం, కాబట్టి ఎంతసేపు చూడాలన్నదీ ముఖ్యమే. సూచిక లేదు, ఊళ్ళ వరస లేదు. దీని మీద ఒక పేపరు రాద్దాం అని గైడ్‌కు ఫోన్ చేశాను. నా మాటంతా విని ఆయన అన్నది ఇది.

"కేబుల్ టీవీలో తీగ ఉంటుందమ్మా. మన టాపిక్ వైర్‌లెస్."

ఇంత చదువు చదివిన మనిషికి కనిపించింది తీగ! నేను ఫోన్ పెట్టేసి, గోడ వైపు తిరిగి నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. పైగా అదే నెలలో నేను రాసిన పాత పేపరు ఒకటి అచ్చయి వచ్చింది. మొదటి పేరు ఆయనది, రెండోది ఆయన విభాగాధిపతిది, మూడోది నాది. హైదరాబాదు వాళ్ళకు స్క్రోలింగ్ లేదు గానీ, రోగం మాత్రం అదే.

ఇంట్లో నా కోపాన్ని పంచుకునేవాళ్ళు లేరు. ఎందుకంటే మా బావ ఈ స్క్రోలింగుకు వీరాభిమాని. బావ దుబాయిలో బిల్డింగులకు ఇనుప చువ్వలు కట్టే పని చేసేవాడు. నడుం పట్టేసి సెలవు మీద వచ్చాడు. సమ్మె మొదలైన కొద్దిరోజులకే టెంటులో జనానికి మజ్జిగ ప్యాకెట్లు పంచాడు, కేబుల్ ఆఫీసుకు పోయి తన పేరు రాయించుకున్నాడు. "ఉద్యమానికి అండగా గల్ఫ్ అన్నలు" అని ఒక గుంపు వచ్చేది, రోడ్ల సంగతికి సరిగ్గా ముందు. అందులో మా బావ పేరు. దాని కోసం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం టీవీ ముందు కాపు కాసేవాడు.

"అచ్చిందే, అచ్చింది! పిల్లా, ఉరుకు, నా పేరు!" అని కేకేసేవాడు.

"నిన్న సూశిన బావా. మొన్న సూశిన. గదే పేరు గదా," అనేదాన్ని.

"నిన్న అచ్చింది నిన్నటిది. గిది ఇయ్యాల్టిది."

అక్క వంటింట్లోంచి తొంగి చూసి నా మీదే విరుచుకుపడేది. "ఏందే నీ లొల్లి? ఆయిన పేరు ఆయినను సూసుకోనియ్యవా?"

ఇదంతా నవ్వుకునే సంగతిగానే ఉండిపోయేది, బావ వీసా గొడవ లేకపోతే. ఆరు నెలలు దాటి దుబాయి బయట ఉంటే ఆ వీసా చచ్చిపోతుంది. నడుం నొప్పి తగ్గేదాకా, తర్వాత సమ్మె సద్దుమణిగేదాకా అని ఆగి ఆగి, బావ గడువు చివరికి తెచ్చుకున్నాడు. వీసా పోతే మళ్ళీ ఏజెంట్ల చుట్టూ తిరగాలి. ఆ నడుం నొప్పితో కొత్త కంపెనీ వైద్య పరీక్షలో నెగ్గడం కల్ల. పాత కంపెనీ కాబట్టి నడుపుకుంటోంది. అక్క ఇద్దరు పిల్లల చదువు, సగంలో ఆగిన ఇంటి స్లాబు, అన్నీ ఆ వీసా మీదే నిలబడి ఉన్నాయి. అక్క ఆ మాట నోటితో ఎప్పుడూ అనలేదు గానీ, రోజూ పొద్దున లేవగానే బీరువా తెరిచి పాస్‌పోర్టు ఉందో లేదో చూసి మళ్ళీ పెట్టేది.

గడువుకు ముందే ఒక టికెట్ తీసుకున్నాం. కారు మాట్లాడుకుని, జగిత్యాల, కరీంనగర్ మీదుగా శంషాబాదుకు బయలుదేరాం. కొండగట్టు దాకా సాగనంపుదామని అక్కా నేనూ కూడా ఎక్కాం. బయలుదేరే ముందు స్క్రోలింగ్ చూద్దామంటే నాయకుల పేర్ల దగ్గరే కరెంటు పోయింది, ఇన్వర్టరు కుయ్యిమని ఆగిపోయింది. పోనీలే అని బండి కదిలించాం. మేడిపల్లిలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు. ఇంతెత్తు గుండిగల్లో బగార అన్నం ఉడుకుతోంది. వంటావార్పు అంటే అదే, రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తిని నిరసన చెప్పడం. ఆ జనం మీద నాకేమీ కోపం లేదు. ఎర్రటి ఎండలో పిల్లల్ని చంకనేసుకుని కూర్చున్న ఆడవాళ్ళు వాళ్ళు. "ఎయిర్‌పోర్టుకు పోవాలె అమ్మా" అంటే, దారి ఇద్దామని ఒకావిడ లేచింది కూడా.

అప్పుడు దిగబడ్డాడు ఒక నాయకుడు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, చేతిలో మైకు. కారులోకి తొంగి చూసి, డ్రైవరు నోట బావ పేరు విని, ఎగిరి గంతేశాడు.

"అరె, మీరా అన్నా! మీ పేరు దినాం టీవీల సూస్తున్నం గదా! దిగుండ్రి, దిగుండ్రి!"

మా బావ దిగాడు. దిగొద్దు అని అక్క చొక్కా పట్టుకున్నా దిగాడు. ఆయన మెడలో దండ పడింది, భుజం మీద శాలువా పడింది, చేతికి మైకు వచ్చింది. బావ మాట్లాడాడు. ఇంట్లో ఉప్పు లేదని చెప్పడానికే తడబడే మనిషి, ఆ రోజు గల్ఫ్ కార్మికుల కష్టాల దగ్గర మొదలుపెట్టి ఎక్కడెక్కడికో పోయాడు. ఆ తర్వాత ఆ నాయకుడు మాట్లాడాడు. ఆ తర్వాత ఆ నాయకుడి గురించి ఇంకో నాయకుడు మాట్లాడాడు. తిని పోవాలె అన్నారు, తిన్నాం, అప్పుడు వదిలారు. జగిత్యాల దాటి కొండగట్టు కమాను దాకా వచ్చేసరికి అక్కడ వందల బండ్లు నిలిచి ఉన్నాయి. విమానం మమ్మల్ని వదిలేసి పోయింది. ఇల్లు చేరి టీవీ పెడితే స్క్రోలింగులో కొత్త ముక్క: "మేడిపల్లిలో గల్ఫ్ అన్నకు ఘన సన్మానం." దాని వెనక నింపాదిగా వచ్చింది, మేడిపల్లిలో రోడ్డు బందు అని.

"సూశినవా?" అన్నాడు బావ, దండ ఇంకా మెడలోనే ఉంది. "ఘన సన్మానమంట."

అక్క స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పుకుని ఏడ్చింది. నాకు బావను కొట్టాలనిపించింది, నిజంగా.

ఏజెంటు కాళ్ళావేళ్ళా పడితే టికెట్టు మార్చి ఇచ్చాడు, సరిగ్గా వీసా గడువు ఆఖరి రోజుకు. ఇక మార్చడానికి ఇంకో రోజు మిగల్లేదు.

దానికి ముందు రోజు నేను కేబుల్ ఆఫీసుకు పోయాను. పాత బస్టాండు వెనక, సైకిళ్ళ దుకాణం మీద ఒక గది. అక్కడ ఒక పాత కంప్యూటరు, దాని ముందు దాని యజమాని. ఆయనను ఊరంతా కేబులన్న అనేది. తనను తాను మాత్రం మీడియా అనుకునేవాడు. కిటికీలో పెట్టిన ఫోను ఆగకుండా మోగుతోంది. ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు చేసి తమ ధర్నా గురించి చెబుతున్నారు. ఆయన రాసుకుంటున్నది చూశాను. పేర్లు, హోదాలు, మళ్ళీ పేర్లు. ఎక్కడ, ఎప్పటిదాకా అన్నది అడగడమే లేదు.

"రేపు ఒక్క పూట పేర్లన్నీ తీసెయ్యండి. రోడ్లే వేద్దాం, నేను కూర్చుని రాస్తాను," అన్నాను.

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "మేడం, గిది మీడియా. నడుమల ఏలు వెట్టద్దు. గాళ్ళ పేర్లు తీస్తే నా ఆఫీసు అద్దాలు పల్గుతయి."

"ఊళ్ళో గర్భిణులు ఉన్నారు, పేషెంట్లు ఉన్నారు. ఏ రోడ్డు ఉందో తెలవక నడిరోడ్డు మీద చస్తున్నారు."

"గది కరెక్టే. గని పేర్లు లేకుంటే ఎవ్వడు సూస్తడు మేడం?"

అప్పుడు ఆయనకు ఏదో గుర్తొచ్చింది. గొంతు మారింది. "మీరు జగిత్యాల దిక్కు ఇంజనీరింగ్ కాలేజీల గదా చెప్పేది? మా బిడ్డ గాడనే సెకండియర్. ల్యాబు మార్కులు మీరే ఏస్తరా?"

నేనే వేస్తాను అన్నాను. అంతకుమించి ఒక్క మాట అనలేదు, అనాల్సిన పనీ పడలేదు. గర్భిణులకూ పేషెంట్లకూ కరగని మీడియా ల్యాబు మార్కులకు కరిగిపోయింది. కుర్చీ దులిపి నాకు వేశాడు.

మర్నాడు పొద్దు పొడవకముందే పోయి ఆ కుర్చీలో కూర్చున్నాను. గౌరవ అధ్యక్షుడి నుంచి నిమ్మరసం దాకా అందరినీ ఒక్క మీటతో తుడిచేశాను. అంత హాయి నాకు ఈ చదువులో ఎప్పుడూ కలగలేదు. గల్ఫ్ అన్నలు కూడా పోయారు. కోరుట్ల నుంచి బయటికి పోయే దారులు మూడు: జగిత్యాల వైపు ఒకటి, వేములవాడ మీదుగా సిరిసిల్ల వైపు ఒకటి, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు వైపు ఒకటి. ఒక్కో దారిలో కోరుట్ల దగ్గర మొదలుపెట్టి, ఊరి తర్వాత ఊరు, బండి పోయే వరసలోనే పేర్చాను. ప్రతి ముక్క చివర అది ఎప్పుడు విన్న మాటో వేశాను. ప్రతి దారికీ ముందు ఒక వాక్యం పెట్టాను: "ఇప్పుడు జగిత్యాల రోడ్డు, దాని తర్వాత సిరిసిల్ల రోడ్డు, ఆ తర్వాత ఆర్మూరు రోడ్డు." టీవీ ఎప్పుడు పెట్టినా కాసేపట్లోనే ఆ వాక్యం కనబడుతుంది. తనకు కావలసిన దారి దూరంగా ఉంటే టీవీ ఆపేసుకోవచ్చు. నాలుగేళ్ళుగా గీసిన గీతల్లో పనికొచ్చింది అంతే, మిగతాదంతా మా గైడ్ చతురస్రం.

ఫోన్లు మొదలయ్యాయి. వాటిని ఎత్తడం ఒక శిక్ష.

"రాసుకోండ్రి. మండల కన్వీనరు..."

"మీరు ఏ ఊర్లె కూసున్నరు?"

"ముందుగాల పేర్లు రాసుకోండ్రి మేడం. కో కన్వీనరు..."

"ఊరు చెప్పుండ్రి. రోడ్డు మీదున్నరా, పక్కకున్నరా? ఎప్పటిదాక ఉంటరు?"

"గది మాకెర్క లేదు, సారు చెప్తడు. సారు పేరు రాసుకోండ్రి."

ఒకాయన అయితే తమ ఊరి పేరు చెప్పకుండానే ఫోను పెట్టేశాడు. పేర్లు మాత్రం అన్నీ చెప్పాడు, వాళ్ళు ఎక్కడ కూర్చుని ఉన్నారో దేవుడికే తెలియాలి. ఇలా ఒక్కొక్కరి గొంతు పట్టుకుని ఊరూ వేళా పిండుకోవాల్సి వచ్చింది. హైదరాబాదుకు పోయే రెండో దారిలో ఉన్న సిరిసిల్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. నాన్నకు చేశాను. రోడ్డు పక్కనే మా ఇల్లు.

"ఇప్పుడే లేశిండ్రు బిడ్డా," అన్నాడు. "అందరు ఊరేగింపుగ గాంధీ చౌక్ దిక్కు పోయిండ్రు. రోడ్డు మీద కుక్క గూడ లేదు. మల్ల మధ్యాహ్నం తిన్నంక అచ్చి కూసుంటరట. అప్పటిలోపల దాటుమను అల్లున్ని."

అది వేశాను. దాని ముందు రుద్రంగి దగ్గర జనం లేచారన్నది, వేములవాడలో గుడి వెనక సందులోంచి కార్లను పంపుతున్నారన్నది వేశాను. మూడూ ఒకదాని వెనక ఒకటి, రోడ్డు మీద ఉన్నట్టే. అక్కకు ఫోన్ చేద్దామంటే లైను కలవలేదు. ఆ రోజుల్లో అందరూ అందరికీ ఒకేసారి ఫోన్ చేసేవారు, ఎవరికీ కలిసేది కాదు. ఇక స్క్రోలింగే దిక్కు.

ఇంట్లో ఏం జరిగిందో తర్వాత అక్క చెప్పింది. పొద్దున్నే కరెంటు పోయింది. ఇన్వర్టరులో ప్రాణం కొంచెమే ఉంది. అక్క టీవీ పెట్టింది. తెర మీద జగిత్యాల రోడ్డు వంతు నడుస్తోంది, మేడిపల్లి బందు, తర్వాత సిరిసిల్ల అని వచ్చింది. టీవీ ఆపేసి, పచ్చడి సీసాలకు గుడ్డ కట్టి, మళ్ళీ పెట్టింది. అప్పుడే వచ్చింది సిరిసిల్ల దారి, రుద్రంగి, వేములవాడ, సిరిసిల్ల, మూడు చోట్లా దారి ఉంది. "మూట గట్టినంత సేపే వట్టిందే," అని చెబుతూ అక్క ఎంత మురిసిపోయిందో! ఏ ప్రొఫెసరూ నా పనికి అంత మంచి సర్టిఫికెట్ ఇవ్వలేదు. డ్రైవరు బండి తీశాడు. బావను దిగొద్దని, ఎవరు పిలిచినా అద్దం దించొద్దని పిల్లల మీద ఒట్టు వేయించుకుని పంపింది.

నేను అక్కడ కూర్చుని ఉండగానే నాయకులు వచ్చారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు మోగింది. గౌరవ అధ్యక్షుడు స్వయంగా వేంచేశాడు, వెనక కార్యదర్శులంతా వరసలో, స్క్రోలింగులో వచ్చే వరసలోనే.

"ఉద్యమాన్ని అవమానిస్తున్నవా?" అని కేబులన్న మీద విరుచుకుపడ్డాడు. "మా పేర్లు ఎవరు తీశిండ్రు? ఎవని కుట్ర గిది?"

"నేను తీశాను," అన్నాను. "పేర్లుంటే రోడ్లు కనబడటం లేదు."

"ఉద్యమం నడిపేది రోడ్లా, మేమా?"

రోడ్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు నడుపుతున్నారు అందామనుకున్నాను. వాళ్ళ మొహాలు చూశాక నోరు నొప్పి దండగ అనిపించింది. కేబులన్న చేతులు జోడించాడు, ల్యాబు మార్కులు మరిచిపోయాడు. మధ్యాహ్నానికల్లా అన్ని పేర్లూ వెనక్కి వచ్చేశాయి, మునుపటికంటే పెద్ద అక్షరాల్లో. నా మూడు దారులు మళ్ళీ తోకలోకి పోయాయి.

అయితేనేం, బావ అప్పటికి హైదరాబాదు దారిలో సిద్దిపేట దాటాడు. సాయంత్రం ఫోను మోగింది. అక్క, నేను, పిల్లలు అందరం మీద పడ్డాం. స్పీకరు పెట్టాను.

"చేరిన. సామాన్లు గూడ ఏశిన," అన్నాడు బావ.

అక్క గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నాకు గర్వంతో గుండె ఉబ్బింది. ఇప్పుడంటాడు, నీ వల్లనే అందింది పిల్లా అని ఇప్పుడంటాడు అని చూస్తున్నాను.

"గది సరే గని," అన్నాడు బావ. "నా పేరెందుకు తీశినవే?"

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. దారిలో ఎవరో దోస్తు ఫోన్ చేసి చెప్పాడట, నీ పేరు వస్తలేదు ఏందిరా అని.

"నీ ఒక్కనిదే కాదు బావా, అందరివి తీశిన! తియ్యకుంటే నువ్వు గీయాల మేడిపల్లిల శాలువ కప్పుకోని కూసుందువు!"

"ఎర్కే. నువ్వు జేశింది మంచిదే." వెనక విమానాశ్రయం గోల వినబడింది. "గాడ నన్ను పేరు వెట్టి పిలిశేటోడు ఒక్కడు లేడే. క్యాంపుల నంబరు. సైటు మీద ఇండియోల్లందరు హిందీలే, ఏయ్ హిందీ, ఇటు రా, గంతే. గీడ దినాం నా పేరు సూసుకున్న గదా, జెర మనిషి లెక్క అనిపిచ్చింది. నేను పోయినంక గూడ అస్తదనుకున్న. పిల్లలు సూస్తరనుకున్న."

నా కోపం మాత్రం పోలేదు. ఆ పేరు పిచ్చే ఒకసారి వాళ్ళ సంసారాన్ని రోడ్డు మీదికి లాగబోయిందని నాకు తెలుసు, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ నాయకుల పేర్ల పిచ్చినీ, మా బావ పేరు పిచ్చినీ ఒకే గాటన కట్టాను చూశారా, అది మాత్రం తప్పని ఆ క్షణంలో తెలిసింది. వాళ్ళను ఊళ్ళో నలుగురూ పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు.

మర్నాడు అక్క పనంతా మానుకుని టీవీ ముందు కూర్చుంది. గౌరవ అధ్యక్షుడు పోయాడు, ఉపాధ్యక్షుడు పోయాడు, నిమ్మరసం పోయింది. గల్ఫ్ అన్నలు వచ్చారు. అందులో అందరూ ఉన్నారు, బావ లేడు. అక్క మొదటి నుంచి మళ్ళీ చూసింది. లేడు.

"రాలేదే," అంది.

నేను కేబుల్ ఆఫీసు మెట్లు ఎక్కాను. కేబులన్న నన్ను చూసి కుర్చీ అడ్డం పెట్టుకున్నాడు.

"అందరి పేర్లు మళ్ళీ పెట్టారు. మా బావది ఏమైంది?"

"అడిగినోల్లయి వెట్టిన మేడం," అన్నాడు తాపీగా. "మీ బావది ఎవ్వరు అడగలే."

నాలుగేళ్ళు చదివిన చదువంతా ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. వినేవాడికి అడిగే అవకాశం ఉండదు. అదే మా మొదటి సూత్రం, ప్రతి పేపరూ దాంతోనే మొదలవుతుంది. ఎంత శుభ్రమైన అబద్ధం! అడిగే అవకాశం ఉన్నవాళ్ళు నిన్న చెప్పులు టకటకలాడించుకుంటూ ఈ మెట్లెక్కి వచ్చి అడిగారు. లేనివాడు దేశం దాటి పోయాడు.

"నేను అడుగుతున్నా. పెట్టుండ్రి," అన్నాను.

"హోదా ఏం రాయాలె?"

"హోదా లేదు."

"ఉత్త పేరు ఎట్ల ఏస్తరు మేడం? ఏదన్న ఉండాలె గదా, వెనకనో ముందో."

"కోరుట్ల అని రాయండి."

ఆయన నవ్వాడు. "గాయిన దుబాయిల ఉంటడు గదా?"

"కోరుట్ల అని రాయండి," అన్నాను మళ్ళీ. అంత మెల్లగా నేను ఎవరితోనూ మాట్లాడి ఉండను. ఆయన నవ్వడం ఆపి రాశాడు.

ఇంటికి వచ్చేసరికి కరెంటు ఉంది. అక్క టీవీ ముందే ఉంది, పిల్లలు ఇద్దరూ చెరో పక్క. దుబాయి నుంచి బావ అప్పటికే చేరానని ఒక మిస్డ్ కాల్ ఇచ్చాడట. నాయకులంతా ఒక్కొక్కరే పాకారు. ఆ రోజు నేను వాళ్ళను ఒక్కరినీ తిట్టలేదు, ఓపిగ్గా అందరినీ పోనిచ్చాను. గల్ఫ్ అన్నల వెనకాల, చిట్టచివర, బావ పేరు వచ్చింది. దాని పక్కన కోరుట్ల.

"అచ్చిండే!" అంది అక్క. ఫోను తీసుకుని దుబాయి నంబరుకు ఒక్కసారి మోగించి పెట్టేసింది. వెంటనే అటు నుంచి ఒక మిస్డ్ కాల్ వచ్చింది.